పేరు పెట్టుట, పేరు నిలుపుట

మన గృహములలో శిశువు జన్మించిన పిమ్మట జరుగు శుభకార్యములలో పైకి మిక్కిలి సులభముగను, లోన మిక్కిలి కష్టముగను ఉండునది నామకరణము. పళ్ళెరములో బియ్యము పోసి, బంగారు ఉంగరముతో తండ్రి నాలుగక్షరములు వ్రాయుటకు ఎంతసేపు పట్టును? కాని ఆ నాలుగక్షరము లేవియో నిర్ణయించుటకు కొన్ని కుటుంబములలో నెలలు పట్టుచున్నవి. ఆ నిర్ణయమువలన కలిగిన మనస్తాపము కొన్నియెడల సంవత్సరముల తరబడి నిలిచిపోవుచున్నది. గతించిన తాతగారి పేరు పెట్టవలెనని ఒకరు, చిన్ననాడే పోయిన పెదతండ్రి పేరు పెట్టవలెనని ఒకరు, మాతామహునకు పుత్రులు లేరు గనుక ఆయన పేరే నిలుపవలెనని మరియొకరు పట్టుపట్టుదురు. ఈ సందడిలో తండ్రి కోరిక కడపట వినబడును. తల్లి కోరిక పెక్కుచోట్ల వినబడనే వినబడదు.

బంధువు పేరు పెట్టుమని కుటుంబము నిర్బంధించుట న్యాయమా? ఆ నిర్బంధమునకు లోబడకుండుట పెద్దలయెడ అపరాధమా? ఇది చిన్న ప్రశ్నగా తోచును. కాని గతించినవారికి మనమేమి ఋణపడియున్నాము, బ్రతికియున్న పెద్దల కేమి ఋణపడియున్నాము, ఇంకను మాటలు రాని శిశువున కేమి ఋణపడియున్నాము అను మూడు ధర్మసందేహములు దీనిలో ఇమిడియున్నవి. కావున దీనిని కొంచెము నిదానముగా విచారించుట యుక్తమని తలచుచున్నాము.

మొదట పెద్దల పక్షమును చూతము. బిడ్డకు పూర్వుల పేరు పెట్టుట నిన్నమొన్నటి యాచారము కాదు. పేరెట్లుండవలెనో యాజ్ఞికుల మాటగా పతంజలి తన మహాభాష్యపు మొదటి యాహ్నికముననే చెప్పియున్నాడు. అది రెండక్షరములదిగానో నాలుగక్షరములదిగానో ఉండవలెననుటతోపాటు, మూడు తరముల పూర్వపురుషుల ననుసరించునదిగా ఉండవలెనని కూడ అందు కలదు. గుప్తవంశమున మొదటి చంద్రగుప్తుని మనుమడు రెండవ చంద్రగుప్తుడు. మన కాకతీయులలో బేతరాజు కుమారుడు ప్రోలరాజు. అతని కుమారుడు మరల బేతరాజు. అతని కుమారుడు మరల ప్రోలరాజు. రుద్రమదేవికి పుత్రసంతానము లేకపోగా, ఆమె కుమార్తె ముమ్మడమ్మకు పుట్టిన ప్రతాపరుద్రుడు రాజ్యముతోపాటు మాతామహి పేరిలోని రుద్రశబ్దమును కూడ వహించెను. దేశాంతరములలోను ఇట్టి వాడుక లేకపోలేదు. గ్రీసుదేశమున పెద్దకుమారునకు పితామహుని పేరిడుట చిరకాలముగా వచ్చుచున్న సంప్రదాయము.

ఇన్ని దేశములలో ఇన్ని కాలములలో ఈ యాచారము పుట్టుటకు మూలము ప్రేమ. ముప్పదియేండ్లు కాపురము చేసి భర్తను కోల్పోయిన వృద్ధురాలిని తలచుకొనుడు. వెనుకటి మర్యాదననుసరించి ఆమె భర్త పేరును తన నోట ఒక్కనాడైనను పలికియుండదు. వీధివారు పిలువగా, బంధువులు పిలువగా చెవులతో వినుటయే ఆమె కున్న భాగ్యము. ఆయన పోయిన పిదప ఆ పేరు ఇంటిలో ఎవరును పిలువరు. జాబులమీద కూడ కానరాదు. అట్టి యామె మనుమని ముఖము చూచి, ఆ పేరు మరల వినవలెనని కోరినయెడల, దానిని మూఢత్వమని నవ్వుట హృదయహీనత. సంస్కరణమనగా ముసలివారి దుఃఖమును పరిహసించుట కాదు.

అయినను కోరికకు మూలము ప్రేమ యైనంతమాత్రమున, ఆ కోరిక ఆజ్ఞ కానేరదు. పూర్వాచారమే ప్రమాణమందురా, పూర్వాచారము ఒక్కతీరున లేదు. వాల్మీకి రామాయణమున పదునొకండు దినములు గడచిన పిమ్మట వసిష్ఠుడు దశరథుని నలుగురు కుమారులకు నామకరణము చేసెను. దశరథుని తండ్రి అజుడని, అజుని తండ్రి రఘువని కాళిదాసు రఘువంశమువలన ఎల్లరు నెరుగుదురు. నలుగురు బిడ్డలు పుట్టినను వారిలో ఒకనికైనను అజుడని గాని రఘువని గాని పేరు పెట్టలేదు. అందువలన రఘువు పేరు మరుగుపడెనా? రాముడు రాఘవుడైనాడు, రఘుపతియైనాడు. నేటికిని రఘువు పేరు మనకు వినబడుచున్నదనిన, అది ఆ పేరు పెట్టుకొనిన మనుమని వలన కాదు. వేరు పేరు గలవాడై ఆ వంశమునకు వన్నె తెచ్చిన మునిమనుమని వలన.

ఇంకొక విషయము. ఆశ్వలాయన గృహ్యసూత్రములలో, పెద్దలకు నమస్కరించునప్పుడు చెప్పుకొనుటకై బిడ్డకు మరియొక పేరు ఏర్పరుపవలెనని, ఉపనయనమువరకు ఆ పేరు తల్లికిని తండ్రికిని మాత్రమే తెలిసియుండవలెనని ఉన్నది. తల్లికిని తండ్రికిని అని సూత్రకారుడు ఇరువురిని చెప్పినాడు. బిడ్డ పేరిలో తల్లికి భాగమున్నదనుట పాశ్చాత్యులనుండి మనము నేర్చుకొనిన క్రొత్తమాట కాదని దీనివలన తెలియగలదు.

యూదులలోని ఆచారభేదము కూడ ఇచ్చట స్మరింపదగియున్నది. అష్కెనాజీ యూదులు గతించిన బంధువుల పేళ్ళు బిడ్డలకు పెట్టుదురు. బ్రతికియున్నవారి పేరు పెట్టుట అశుభమని మానుదురు. సెఫార్డీ యూదులు బ్రతికియున్న తాతయవ్వల పేళ్ళే పెట్టి, దానిని వారికి గౌరవముగా భావింతురు. మతమొక్కటే, గ్రంథమొక్కటే, ఒకరికి అశుభమైనది వేరొకరికి శుభము. దీనినిబట్టి ఇట్టివి ఆయా సమాజములు ఏర్పరుచుకొనిన వాడుకలే గాని, మీరినవారిని శిక్షించు దైవశాసనములు కావని స్పష్టపడుచున్నది.

ఇక నిర్బంధము జరుగు తీరు చూతము. అది చాలవరకు ఆజ్ఞారూపమున రాదు. పేరు పెట్టకున్న తాతగారి ఆత్మ శాంతింపదని ఒకరు భయపెట్టుదురు. బిడ్డకు జ్వరము తగిలిన నాడు, పెద్దల పేరు పెట్టనందువలననే ఇట్లైనదని ఇంకొకరు ఊహించి చెప్పుదురు. బారసాలకు రాక ముఖము చాటువేయువారు కొందరు. ఆస్తి విషయమును మాటవరుసకువలె ప్రస్తావించువారు కొందరు. ఇంకను నిద్రకును ఆహారమునకును క్రమమెరుగని బాలింత మంచమునొద్ద కూర్చుండి దినదినము కన్నీరు పెట్టుకొనుటకంటె బలమైన నిర్బంధము వేరొకటి లేదు. ఆమె చివరకు ‘మీ ఇష్టమండీ’ అనును. ఆ మాటను అంగీకారమని లోకము వ్రాసికొనును. అలసటకును అంగీకారమునకును గల భేదము మన గృహములు ఇంకను నేర్చుకొనవలసియున్నది.

పితృఋణమును తీర్పవలదా అని కొందరడుగుదురు. తప్పక తీర్పవలెను, అయితే ఎవరి ధనముతో? తాతగారియెడ కృతజ్ఞత తండ్రికి కలదు, ఆయన సోదరులకు కలదు, అవ్వగారికి కలదు. ఆయనను ఎన్నడును చూడని శిశువునకు ఏ ఋణమును లేదు. మన ఋణమును వేరొకరి జీవితకాలమంతయు వ్రయపెట్టి తీర్చుట ఋణవిముక్తి యెట్లగును? పూర్వులు ఈ భేదమును ఎరుగకపోలేదు. తర్పణమున, శ్రాద్ధమున తండ్రి, తాత, ముత్తాతల పేళ్ళు గోత్రసహితముగా ఉచ్చరింపబడుచున్నవి. వివాహమున వరుని ఫలానావారి మునిమనుమడని, మనుమడని, కుమారుడని సభలో చెప్పుచున్నారు. అనగా గతించినవారి పేరు పలుకుటకు వేరే చోటు ఉన్నది. ఆ పేరు పలుకవలసినవాడు ఋణగ్రస్తుడైన కుమారుడు. ఈ కర్మలయందు విశ్వాసము లేనివారికి కూడ మార్గములు లేకపోలేదు. గ్రామ గ్రంథాలయమునకు ఆయన పేర పుస్తకములీయవచ్చును; ఒక పేదబాలిక చదువునకు తోడ్పడవచ్చును; ఆయన జీవితవృత్తాంతమును పదిపుటలలో వ్రాసి పిల్లలకు చదివి వినిపింపవచ్చును. ఈ పనులకు ధనమో శ్రమయో కావలెను. పేరు పెట్టుటకు ఏమియు అక్కరలేదు. అందువలననే కాబోలు పెక్కుమంది దానినే కోరుదురు.

మరియు ఈ యాచారమున ఒక విపరీతమున్నది. మామగారి పేరు కోడలు పలుకరాదను మర్యాద నేటికిని కొన్ని యిండ్లలో ఉన్నది. ఆ యిండ్లలో మనుమనికి తాతగారి పేరు పెట్టినపుడు కన్నతల్లి తన బిడ్డను పేరు పెట్టి పిలువలేకపోవును. బుజ్జి యనియో, చంటి యనియో, పెద్దబాబు అనియో మారుపేరు కల్పించుకొనును. బిడ్డ అల్లరిచేసినపుడు కోపముతో పేరెత్తి కేకవేసినయెడల, పెద్దవారిని తిట్టినట్లని తప్పుపట్టుదురు. ఇట్లు ఏ పేరు ఇంటిలో వినబడవలెనని అంత పోరాటము జరిగినదో, ఆ పేరే ఇంటిలో వినబడక బడి పట్టికలో పడియుండును. పేరు పిలుచుటకు గదా! తల్లి నోట పలుకరాని పేరు బిడ్డకు పేరెట్లగును?

ఇప్పుడు శిశువు పక్షమును చూతము. పేరుతోపాటు పెద్దలు తమకు తెలియకయే ఒక పోలికను కూడ ఇత్తురు. ‘అచ్చముగా తాతగారి నడకయే’ అని మురియుట ముద్దుగనే యుండును. కాని ‘ఆ పేరు పెట్టుకొని ఇట్టి పని చేసితివా’ అను మాట కూడ ఆ వెనుకనే వచ్చును. అకాలమృత్యువు నొందిన బిడ్డ పేరును తరువాతి బిడ్డకు పెట్టుట ఇంకను బరువైనది. చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1904లో జన్మించెను. 1903లో మృతినొందిన అతని అన్న పేరును సాల్వడారే. గతించిన అన్న నీడ తనమీద పడియున్నదను భావము అతనిని జీవితమంతయు వెన్నాడెను. ఈ ఒక్క యుదాహరణమువలన అట్టి పేరు గలవారందరు దుఃఖింతురని మేమనుట లేదు. పోయినవారి చోటు నింపుటకై తాను పుట్టితినను తలంపు ఏ బిడ్డకును కలుగనీయరాదని మాత్రమే చెప్పుచున్నాము.

పేరు వట్టి శబ్దమేగదా అనువారికి మహారాష్ట్రమునందలి సతారా జిల్లా సంగతి చెప్పవలసియున్నది. అక్కడ ఆడుపిల్లలు వద్దనుకొనిన ఇండ్లలో ‘నకూసా’ అని, అనగా అక్కరలేనిదని, పేరు పెట్టు వాడుక యుండెను. 2011 అక్టోబరులో అచ్చటి అధికారులు సభచేసి 285 మంది బాలికలకు క్రొత్త పేళ్ళు పెట్టించిరి. ఆ బాలికలు తమకు తామే పేళ్ళు కోరుకొనిరి. పేరు వట్టి శబ్దమైనచో, దానిని మార్చుకొనుటకు అంతమంది పిల్లలు ఎందుకు వత్తురు? పెద్దల మనసులోని కోరికయో అయిష్టమో పేరై బిడ్డకు అంటుకొనును. బిడ్డ దానిని ప్రతిదినము మోయును.

న్యాయస్థానములును ఈ విషయమున మాటాడవలసివచ్చినది. తెలుగునాట పుట్టిన యొక వ్యాజ్యమున, భర్త మరణించిన పిదప పునర్వివాహము చేసికొనిన తల్లికిని, బిడ్డయొక్క పితామహుల కుటుంబమునకును ఇంటిపేరును గూర్చి వివాదము కలిగెను. పూర్వపు ఇంటిపేరే ఉంచవలెనని హైకోర్టు ఆదేశింపగా, సుప్రీంకోర్టు 2022 జూలై 28న దానిని త్రోసివేసి, సహజసంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించు అధికారము కలదని తీర్పు చెప్పెను. తానున్న కుటుంబమునకు భిన్నమైన పేరు బిడ్డను అనవసరప్రశ్నలకు గురిచేయునని న్యాయమూర్తులు తలపోసిరి. 2023లో కేరళ హైకోర్టు ఎదుట మరియొక వివాదము వచ్చెను. తల్లిదండ్రులు ఏకాభిప్రాయమునకు రాలేకపోగా, పేరులేని జననపత్రముతో పిల్ల బడిలో చేరుటకు చిక్కు కలిగెను. చివరకు న్యాయస్థానమే ఆ పిల్లకు పేరు నిర్ణయింపవలసివచ్చెను. రెండు వ్యాజ్యములలోను న్యాయస్థానములు వెదకినది బిడ్డ మేలునే. ఇంటిలోని పెద్దలు వేయదగిన ప్రశ్నయు అదియే.

వెనుకటికంటె నేడు ఈ నిర్ణయము బరువైనది. వెనుక ఒక్కనికే జాతకమున నక్షత్రనామము, ఇంటిలో ముద్దుపేరు, ఊరిలో వాడుకపేరు ఉండెడివి. అందరి ముచ్చటయు తీరెడిది. ఇప్పుడు వ్రాతలోనున్న ఒక్క పేరే మనుష్యుని పట్టుకొనియుండును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన చట్టసవరణ ననుసరించి, ఆ దినము మొదలుకొని పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటర్ల పట్టికకును, పాస్‌పోర్టునకును జననపత్రమే పుట్టిన తేదీకిని చోటునకును ఆధారము. అందరిని తృప్తిపరచుటకై నాలుగు తరముల పేళ్ళను ఒక్కచో గ్రుచ్చినచో, ఆ పిల్లవాడు పొడియక్షరములతో జీవితమంతయు కుస్తీపట్టవలసివచ్చును. అయితే తొందరపడనక్కరలేదు. పేరులేకయే జననమును నమోదుచేయించి, తరువాత పేరు చేర్పించుటకు 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము అవకాశమిచ్చుచున్నది. పదునొకండవనాటి సందడిలో అలసటచేత తలయూపుటకంటె, కొన్ని నెలలు ఆగి నెమ్మదిగా ఆలోచించుట మేలు.

ఇంతవరకు చెప్పినదానిని చదివి యువదంపతులు విజయగర్వము చెందరాదు. బిడ్డ తాతయవ్వల సొత్తు కానట్లే తల్లిదండ్రుల సొత్తును కాదు. తాతగారి పేరు పాతదని రోసి, ఏ భాషలోను అర్థములేని శబ్దమును వింతకొరకు కూర్చుటయు, సంఖ్యాశాస్త్రజ్ఞుడు చెప్పెనని ఒక అక్షరమును రెండుమార్లు వ్రాయుటయు స్వాతంత్ర్యము కాదు. అది బంధువుల నిర్బంధమును వదలి, వాడుక అను వేరొక యజమానికి లోబడుట. స్త్రీల పేళ్ళు సుఖముగా పలుకదగినవై, స్పష్టమైన అర్థము గలవై, మనోహరముగా ఉండవలెనని మనువు చెప్పెను. ఆయన చెప్పిన యితర విషయములతో మనకెంత విరోధమున్నను, ఈ మాట ఆడుబిడ్డలకును మగబిడ్డలకును సమానముగా పనికివచ్చును.

కావున ఆచరణమునకు తగిన కొన్ని నియమములను సూచించుచున్నాము. పేరు నిర్ణయించు అధికారము బిడ్డను పెంచబోవు తల్లిదండ్రు లిరువురిది. ఇరువురు మనఃపూర్వకముగా ఒప్పనిదే ఏ పేరును పెట్టరాదు. పెద్దలకు కోరుటకు హక్కు కలదు. ఒక్కసారి కోరి, కారణము చెప్పి, ఊరకుండవలెను. దంపతులు ఆ కోరికను గౌరవముగా విని, కాదనదలచినచో ఆ మాటను భర్తయే తన తల్లిదండ్రులకు స్వయముగా చెప్పవలెను. తన యిష్టమును కోడలిమీద పెట్టి తాను తప్పుకొను కుమారుడు ఇద్దరికిని ద్రోహము చేసినవాడగును. బంధువు పేరే పెట్టదలచినచో, తల్లి ఆ పేరును నోరార పిలుచుటకును, అవసరమైనచో మందలించుటకును ఎవరును అడ్డుచెప్పరాదు. అట్లు ఒప్పుకొనలేని పెద్దలు ఆ పేరును కోరకుండుటయే ఉచితము. పితృవంశమువారి పేళ్ళకెంత మన్ననయో మాతృవంశమువారి పేళ్ళకును అంతే యుండవలెను.

మన భాషలో ‘పేరు పెట్టుట’ ఒకటి, ‘పేరు నిలుపుట’ ఒకటి. మొదటిది ఒకనాటి పని. రెండవది ఒక జీవితకాలపు పని. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంటిలో గబ్బిలాల కంపు’ అని మన సామెత. తాతగారు సత్యవాదియైనచో, ఆయన మనుమడు ఏ పేరుతోనున్నను సత్యమాడునట్లు పెంచుడు. ఆయన ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినవారైనచో, ఆ మనుమరాలి చేతికి ఆ గరిటె నందీయుడు. రేపు ఊరివారు వారిని చూచి ‘ఎవరి మనుమలు?’ అని అడిగి తెలిసికొందురు. అప్పుడు తాతగారి పేరు ఎవరి నిర్బంధమును లేకయే పలుకబడును.